కోఠిలో కొన్న యూఎస్‌బీ రేడియో రిసీవర్: రెండు నెలల అనుభవం

గుజరాతీ గల్లీలోని ఒక చిన్న దుకాణంలో కొన్న ఈ రిసీవర్‌కు యాంప్లిఫయర్‌ను, నూనె డబ్బా రేకుతో చేసిన యాంటెన్నాను కలిపి డాబా మీద పెట్టి, పది నిమిషాల కొలతలను సరాసరి చేయగానే, పాలపుంతలోని హైడ్రోజన్ పంపే 1420.4 మెగాహెర్ట్జ్ సంకేతం తెర మీద చిన్న గూనులా లేచింది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందానికి దీనికి పెట్టిన ధర ఏమాత్రం ఎక్కువ కాదు.

అయితే మెట్ల దగ్గరి సీసీ కెమెరాల రికార్డర్ ఆన్ చేసినప్పుడల్లా ఆ గూను ముళ్లపొదలాంటి రొదలో మునిగిపోయేది. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు ఎవరూ ప్రసారం చేయరాదని అంతర్జాతీయ నియమం ఉంది. ఇలాంటి బలహీన సంకేతాలు రొదలో మునిగిపోకూడదనే ఆ నియమం; మన ప్రసారాలను వేరే చోటికి మార్చుకోవచ్చు గానీ, హైడ్రోజన్ తన పౌనఃపున్యాన్ని మార్చుకోజాలదు కదా! 2009లో యూరప్ ప్రయోగించిన స్మాస్ ఉపగ్రహం నేల తేమను కొలిచేది కూడా ఈ పౌనఃపున్యాల పట్టీలోనే. నేల మీది ట్రాన్స్‌మిటర్ల వల్ల దాని కొలతలు చాలాచోట్ల చెడిపోయాయి.

దుకాణదారు సలహాతో రికార్డర్ వైరుకు ఫెరైట్ కోర్ (వైరు నుంచి వెలువడే రొదను అణిచే అయస్కాంత పదార్థపు తొడుగు) తొడిగాక రొద చాలావరకు తగ్గింది. రిసీవర్ త్వరగా వేడెక్కుతుంది. కొనేవారు అక్కర్లేని పౌనఃపున్యాలను ఆపే ఫిల్టర్‌ను కూడా తప్పక తీసుకోవాలి.