జాగ్రత్త: ‘సిమెట్రికల్’ అని అమ్మే డబుల్ పెడల్ కొనేముందు షాఫ్టులు లెక్కపెట్టండి

డ్రమ్ సెట్‌లో బేస్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) నడిమధ్యన, దాని ముందే స్నేర్ (కర్రలతో వాయించే చిన్న డ్రమ్), అటొకటి ఇటొకటి సమాన దూరంలో రెండు పెడల్స్. ఇలాంటి సిమెట్రికల్ కిట్ అమర్చుకుందామని డబుల్ పెడల్ (ఒకే బేస్ డ్రమ్‌ని రెండు కాళ్ళతోనూ వాయించే పెడల్) వెతుకుతున్నవాళ్ళ కోసం ఈ హెచ్చరిక. ఈ సరుకులో డబ్బు పోగొట్టుకునే దారులు రెండున్నాయి. డబ్బా విప్పాక అది మామూలు డబుల్ పెడలే అని తేలడం మొదటిది. రెండోది ఇంకా బాధ పెడుతుంది. నిజంగా సిమెట్రికల్ పెడలే వస్తుంది, కానీ అంతదాకా హాయిగా ఆడిన కుడికాలు కూడా మొరాయిస్తుంది. మొదటి మోసాన్ని ఫొటోలోనే పట్టుకోవచ్చు. రెండోదాన్ని పట్టుకోవాలంటే పెడల్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిసుండాలి.

మామూలు డబుల్ పెడల్లో కుడికాలి పెడల్ నేరుగా బేస్ డ్రమ్ హూప్‌కి (అంచు చుట్టూ ఉండే కట్టుకి) బిగుస్తుంది. బీటర్లు (డ్రమ్‌ని కొట్టే సుత్తుల్లాంటివి) రెండూ దాని మీదే ఉంటాయి. ఎడమకాలి పెడల్ దూరంగా కూర్చుని, ఒక షాఫ్ట్ (తిరిగే కడ్డీ) ద్వారా ఎడమ బీటర్ని తిప్పుతుంది. అంటే కుడికాలు డ్రమ్‌కి ఎదురుగానే ఉండాలి కాబట్టి, కూర్చున్న మనిషికి డ్రమ్ ఎప్పుడూ కుడివైపుకి జరిగే ఉంటుంది. దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి పెట్టినా డ్రమ్ మధ్యకి రాదు. నిజమైన సిమెట్రికల్ పెడల్లో మూడు ముక్కలుంటాయి. హూప్‌కి బిగిసే మధ్య ముక్కకి ఫుట్‌బోర్డ్ (పాదం పెట్టే పలక) ఉండదు, రెండు బీటర్లు మాత్రమే ఉంటాయి. రెండు ఫుట్‌బోర్డులూ దానికి అటూ ఇటూ, ఒక్కోదానికి ఒక్కో షాఫ్టుతో ఉంటాయి. ఆస్ట్రేలియాకి చెందిన స్లీష్‌మన్ ట్విన్ పెడల్, ఆఫ్‌సెట్ అనే పేరుతో వచ్చే డబుల్ పెడల్ ఈ పద్ధతివే.

కాబట్టి ప్రకటనలో ఏం రాశారన్నది వదిలేసి, ఫొటోలో షాఫ్టులు లెక్కపెట్టండి. ఒక్కటే కనిపిస్తే అది మామూలుదే. రెండు షాఫ్టులుండి, హూప్ దగ్గర ఫుట్‌బోర్డ్ లేకపోతేనే మీక్కావలసింది. ‘ఆఫ్‌సెట్’ అనే మాట దగ్గర మరీ జాగ్రత్త. చెయిన్ చుట్టుకునే కామ్ గుండ్రంగా కాకుండా ఒక పక్కకి ఒరిగి ఉంటే దాన్ని కూడా ఆఫ్‌సెట్ కామ్ అనే అంటారు. ఆ మాట పెట్టి వెతికితే, సిమెట్రీతో ఏ సంబంధమూ లేని పెడల్స్ వరసగా వస్తాయి. కామ్ ఆకారం కాలికి తగిలే బరువుని మారుస్తుందంతే, డ్రమ్ ఎక్కడుండాలో అది చెప్పదు.

కుడివాటం డబుల్ పెడల్ ఒకటి, ఎడమవాటం డబుల్ పెడల్ ఒకటి కొని, రెండింటిలోనూ షాఫ్టుతో దూరంగా ఉండే పక్క పెడల్స్‌ని కలిపేస్తే సరిపోతుందని ఒక సలహా తిరుగుతూ ఉంటుంది. దాన్ని నమ్మొద్దు. హూప్ మీద నడిమధ్యన ఒక్క క్లాంపుకే చోటుంటుంది. రెండు ప్రధాన పెడల్స్ పక్కపక్కన బిగిస్తే బీటర్లు మధ్యకి దూరంగా పడతాయి, వాడని ఫుట్‌బోర్డులు రెండూ స్నేర్ స్టాండు కాళ్ళ చోటుని ఆక్రమిస్తాయి. రెండు పెడల్స్ ఖర్చు పెట్టి ఒక్కటి కూడా సరిగా దక్కనట్టు అవుతుంది.

ఇక అసలు సంగతి. మామూలు డబుల్ పెడల్లో ఎడమకాలికి మాత్రమే షాఫ్ట్ ఉంటుంది. కుడికాలు నేరుగా బీటర్ని తిప్పుతుంది, అందుకే ఎప్పుడూ కుడికాలు తేలిగ్గా, ఎడమకాలు కొంచెం మందంగా అనిపిస్తుంది. సిమెట్రికల్ పెడల్లో రెండు కాళ్ళకీ షాఫ్టులే. రెండు కాళ్ళకీ ఒకే స్పర్శ వస్తుందన్నది దీని గొప్ప. కానీ ఆ స్పర్శ ఎంత బాగుంటుందన్నది షాఫ్టు, దాని రెండు చివరలా ఉన్న యూనివర్సల్ జాయింట్లు (వంగి ఉన్నా తిప్పుడుని అందించే అతుకులు) తేలుస్తాయి. మామూలు పెడల్లో రెండు జాయింట్లుంటే ఇందులో నాలుగు. జాయింట్లు నాసిరకమైతే మీ బలమైన కాలు కూడా బలహీనమైన కాలి స్థాయికి దిగిపోతుంది. కొనేవాళ్ళు ఫుట్‌బోర్డ్ మెరుపు, డబుల్ చెయిన్, బీటర్ రంగు చూస్తారు. అమ్మేవాళ్ళు కూడా వాటినే చూపిస్తారు. ఈ పెడల్లో చూడాల్సినవి మాత్రం జాయింట్లు.

జాయింటులో లూజు ఎంత నష్టం చేస్తుందో ఒక చిన్న లెక్క చూడండి. ఇరుసు నుంచి బీటర్ తల దాకా సుమారు 20 సెంటీమీటర్లు అనుకోండి. రెండు జాయింట్లూ కలిపి 2 డిగ్రీలు ఆడితే, బీటర్ తల దగ్గర అది 7 మిల్లీమీటర్ల ఖాళీ. అంటే కాలు తొక్కడం మొదలుపెట్టాక ఆ మేరకి బీటర్ కదలదు. నిదానంగా వాయిస్తే తెలియదు. వేగం పెరిగాక, కాలు పైకి లేచి మళ్ళీ దిగే ప్రతిసారీ ఆ ఖాళీ రెండువైపులా దాటాలి. దెబ్బలు ముద్దగా, వెనకా ముందూ పడటానికి కారణం చాలాసార్లు అదే. మన ప్రాక్టీసులో లోపమనుకుని నెలల తరబడి మెట్రోనోమ్‌తో (లయ టక్‌టక్ మని చెప్పే పరికరంతో) కుస్తీ పడతాం.

పరీక్ష తేలిక. ఒక చేత్తో బీటర్ తలని కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో ఫుట్‌బోర్డ్ కొసని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. చెయిన్ పెడల్ అయితే బోర్డు పైకెత్తినప్పుడు చెయిన్ సడలుతుంది, దాన్ని లూజు అనుకోకండి. అలాంటప్పుడు బోర్డుని వదిలేసి షాఫ్టునే పట్టుకుని తిప్పి చూడండి. టక్‌టక్ మని చప్పుడొచ్చినా, కదలిక కంటికి కనిపించినా ఆ జాయింట్ అరిగిందనో, దాని స్క్రూలు పట్టలేదనో అర్థం. స్క్రూలు డ్రమ్ కీతో (డ్రమ్ స్క్రూలు తిప్పే చిన్న తాళంచెవితో) గట్టిగా బిగించి మళ్ళీ చూడండి. అప్పటికీ ఆడుతుంటే అది అరుగుదలే, బిగింపుతో పోదు. రెండు పక్కలా విడివిడిగా చెయ్యాలి. పాత పెడల్ అయితే ఒక పక్క బాగుండి ఇంకో పక్క పాడై ఉండటం మామూలే.

కొత్త పెడల్ కూడా సరిగా ఆడకపోవడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. యూనివర్సల్ జాయింట్ వంగి ఉన్నప్పుడు ఒక చివర సమానంగా తిప్పినా రెండో చివర సమానంగా తిరగదు. వంపు 10 డిగ్రీలైతే తేడా ఒకటిన్నర శాతం, కాలికి తెలియదు. 30 డిగ్రీలైతే ఒక దశలో 13 శాతం నెమ్మదిగా, ఇంకో దశలో 15 శాతం వేగంగా తిరుగుతుంది. బీటర్ మొదట బద్ధకంగా లేచి చివర్లో దూకినట్టు అనిపించడం, లేదా దానికి సరిగ్గా వ్యతిరేకంగా అనిపించడం ఇందుకే. ఎడమ కుడి షాఫ్టుల వంపులు వేరువేరుగా ఉంటే, ఒకే కంపెనీ ఒకేసారి చేసిన రెండు బోర్డులు కూడా రెండు వేరు పెడల్స్ లాగా అనిపిస్తాయి.

దీనికి మందు ఉంది. షాఫ్టు రెండు చివరలా వంపు సమానంగా ఉండి, షాఫ్టు మీది రెండు ఫోర్కులూ (జాయింట్‌లో రెండుగా చీలిన కొసలు) ఒకే తలంలో ఉంటే, మొదటి జాయింట్ చేసిన తేడాని రెండోది సరిచేస్తుంది. చాలా షాఫ్టులు ఆరు పలకల కడ్డీ గొట్టంలోకి దూరే రకం. విడదీసి మళ్ళీ పెట్టినప్పుడు ఒక పలక అటూ ఇటూ అయితే ఫోర్కులు 60 డిగ్రీలు తప్పిపోతాయి. పెట్టెలోంచి తీసి తొందరలో బిగించేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే. పెడల్ పనికిరాదని తిట్టుకునే ముందు ఇది చూసుకోండి. సరిగా కుదిరాక కడ్డీ మీద, గొట్టం మీద మార్కర్‌తో ఒకే గీత గీసి పెట్టుకుంటే మళ్ళీ తప్పదు.

కొలతలు కొనకముందే తీసుకోవాలి. స్టూల్ మీద మీ ఎత్తుకి తగ్గట్టు కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు పాదాలూ ఎత్తి వాటంతట అవి ఎక్కడ పడితే అక్కడ దించండి. నాలుగైదుసార్లు చేసి, పాదాలు పడిన చోట నేల మీద టేపు అంటించండి. చాలామందికి పాదాలు ముందుకి సూటిగా కాక, కొంచెం బయటికి తిరిగి పడతాయి. బోర్డులు కూడా అలాగే తిరిగి ఉండాలి, పెడల్ కోసం మోకాళ్ళు లోపలికి తిప్పితే కొన్నాళ్ళకి నొప్పి మొదలవుతుంది. ఇప్పుడు రెండు పాదాల వేళ్ళ మధ్య దూరం కొలవండి. ఉదాహరణకి 60 సెంటీమీటర్లు అనుకుందాం. మధ్య గీత నుంచి ఒక్కో వైపుకి 30. అందులోంచి ఫుట్‌బోర్డ్ చట్రం సగం వెడల్పు ఒక 6, మధ్య ముక్క సగం వెడల్పు ఒక 8 తీసేస్తే, జాయింట్లతో సహా షాఫ్టుకి మిగిలేది 16 సెంటీమీటర్లు. మీరు కొనే పెడల్ షాఫ్టు పూర్తిగా ముడిస్తే అంతకన్నా పొట్టిగా అవుతుందా అని అడగండి. అమ్మేవాళ్ళు గరిష్ఠ పొడవు చెప్పి ఊరుకుంటారు. మనకి కావలసింది కనిష్ఠ పొడవు. అది 22 ఉంటే కాళ్ళు మరీ ఎడంగా పెట్టి కూర్చోవాల్సి వస్తుంది.

బోర్డు 20 డిగ్రీలు బయటికి తిరిగితే, ఆ వంపుని రెండు జాయింట్లూ చెరి 10 డిగ్రీలు పంచుకోవాలి. అందుకు 16 సెంటీమీటర్ల షాఫ్టుకి బోర్డు వైపు చివర మధ్య ముక్క కన్నా సుమారు 3 సెంటీమీటర్లు మీ వైపుకి రావాలి. కుడిపక్క అమర్చాక ఎడమపక్కని కళ్ళతో కాదు, స్కేలుతో దానికి అద్దంలో బొమ్మలా పెట్టండి. ఇరుసుల ఎత్తు కూడా చూడాలి. తివాచీ ఒక పక్క మందంగా ఉన్నా షాఫ్టు కిందికో పైకో వాలి, మనం అనుకోని వంపు ఇంకొకటి చేరుతుంది.

మధ్య ముక్క గురించి ఒక మాట. మామూలు పెడల్లో మడమ బరువు ఫుట్‌బోర్డ్ మీద పడి పెడల్‌ని నేలకి అదిమి ఉంచుతుంది. మధ్య ముక్కకి ఆ అదుపు లేదు, హూప్ క్లాంప్, కింది చిన్న ప్లేటు తప్ప. క్లాంప్ సరిగా పట్టకపోతే వాయిస్తుండగా అది పైకి లేస్తూ, పక్కకి తిరుగుతూ ఉంటుంది. అందుకని క్లాంప్ దవడలు మీ హూప్ మందానికి తెరుచుకుంటాయో లేదో ముందే కొలవండి, చెక్క హూపులు మందం, ఇనుప హూపులు సన్నం. చెక్క హూప్ అయితే మధ్యలో రబ్బరు ముక్క పెట్టండి, లేకపోతే నెలలోనే పళ్ళు దిగిన గుర్తులు పడతాయి. పక్క పెడల్స్ రెండూ రగ్గుని పట్టుకోవడానికి ముళ్ళో వెల్క్రోనో ఉండాలి. అవి జారితే జాయింట్ల వంపు మారిపోయి, పైన చేసిన లెక్కంతా వృథా.

డ్రమ్ సైజు సంగతి తేలికే. 22 అంగుళాల డ్రమ్‌కి మధ్య బిందువు నేల నుంచి 28 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, చాలా బీటర్లు ఆ దరిదాపుల్లో తగులుతాయి. 18 అంగుళాలదైతే కింద ఎత్తు పెట్టాలి, 24 అయితే బీటర్ కడ్డీ చాలుతుందో లేదో చూసుకోవాలి. రెండు బీటర్లూ మధ్య బిందువుకి సమాన దూరంలో పడేట్టు చూసి, తోలు మీద రెండు తలల ప్యాచ్ అంటించండి.

స్నేర్ స్టాండుని మాత్రం మర్చిపోకండి. సిమెట్రికల్ అమరికలో అది సరిగ్గా రెండు బోర్డుల మధ్యకి వస్తుంది. దాని మూడు కాళ్ళలో ఒకటి మీ వైపు, మిగతా రెండూ షాఫ్టుల కిందుగా పోయేట్టు తిప్పాలి. కాళ్ళు నేలకి దగ్గరగా పరుచుకునే స్టాండు అయితేనే కుదురుతుంది, నిటారు కాళ్ళ స్టాండు షాఫ్టుకి తగిలి గీరుకుంటుంది. హైహాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) పెడల్ ఎడమ బోర్డుకి ఆనుకుని ఉండాలి, కాబట్టి రెండు కాళ్ళ స్టాండో, కాళ్ళు తిరిగే స్టాండో కావాలి. ఈ ఖర్చు కూడా పెడల్ ధరకి కలిపి చూసుకోండి.

ఇంత తతంగం వద్దనుకుంటే దారులున్నాయి. అమెరికన్ జాజ్ డ్రమ్మర్ లూయీ బెల్సన్ హైస్కూల్లో ఉండగానే బొమ్మ గీసుకున్న రెండు బేస్ డ్రమ్ముల కిట్ అసలైన సిమెట్రీ, రెండు కాళ్ళకీ నేరుగా తగిలే పెడల్స్. చోటు, మోత ఎక్కువ. లేదా మామూలు డబుల్ పెడలే పెట్టుకుని, బేస్ డ్రమ్‌ని కుడికి జరిపి, టామ్స్‌ని (పైన ఉండే చిన్న డ్రమ్ముల్ని) బేస్ డ్రమ్ మీద కాకుండా స్టాండు మీద స్నేర్‌కి సూటిగా నిలబెట్టవచ్చు. చేతులకి సిమెట్రీ దక్కుతుంది. తక్కువ ధర సిమెట్రికల్ పెడల్ కన్నా ఇది మేలని గట్టిగా చెప్పగలం.

ఇప్పటికే కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చే గడువు లోపలే మొత్తం అమర్చి చూడండి, మూలన పెట్టి తర్వాత చూద్దామనుకోవద్దు. బీటర్ పట్టుకుని లూజు చూసే పరీక్షని వీడియో తీసి పెట్టుకోండి, మాటలకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. సెకండ్ హ్యాండ్ కొంటుంటే ఈ ఫొటోలు అడగండి: నాలుగు జాయింట్లు దగ్గరగా, రెండు షాఫ్టులు పూర్తిగా ముడిచి స్కేలు పక్కన పెట్టి, క్లాంప్ దవడలు, ప్రతి డ్రమ్ కీ స్క్రూ తల. తల అరిగి గుండ్రమైన స్క్రూ కనిపిస్తే బేరం ఆపండి, దాన్ని ఇక బిగించలేరు. విడి షాఫ్టు, విడి జాయింట్ ఇప్పటికీ దొరుకుతాయా అని కూడా అమ్మేవాళ్ళనే అడగండి. ఇలాంటి పెడల్స్ చేసేవాళ్ళు తక్కువ, మామూలు డబుల్ పెడల్ షాఫ్టు వీటికి పొడవులోనూ ఇరుసు మందంలోనూ కుదరకపోవచ్చు. ఒక్క జాయింట్ విరిగితే మొత్తం పెడల్ పక్కన పడుతుంది.