శిక్షణకు వెళ్లండి, ప్యాకేజీ మాత్రం తీసుకోకండి

తిరుపతి వైపు నాగలాపురం దగ్గర పారే నీళ్లలో కొట్టుకుపోయేవాళ్లను కాపాడే శిక్షణ ఇస్తున్నారంటే, మదనపల్లె నుంచి నేనూ మా బావమరిదీ వెళ్లొచ్చాం. శిక్షణ ఎంత బాగుందో బస అంత దారుణంగా ఉంది. రెండూ కలిపి అమ్ముతున్నారు కాబట్టి ఇది రాయక తప్పడం లేదు.

శిక్షణ ఒక్కటే అయితే తలకు 3,800. బసా భోజనాలూ కలిపితే 6,500. ఫొటోల్లో వాగు ఒడ్డున గుడారాలు, చుట్టూ పచ్చని చెట్లు. మాకు దొరికింది పుత్తూరు రోడ్డు మీద, కింద టైర్ల షాపు ఉన్న మేడలో పైగది. రాత్రి తొమ్మిదికి తాళంచెవి చేతిలో పెట్టిన పిల్లోడు "గుడారాలు తడిసిపోయినాయన్నా, ఈడనే సర్దుకోండి" అన్నాడు. కార్తీకంలో ఈ పక్కన వానలు పడతాయని నిర్వాహకులకు తెలియదా? దిండు గలీబు మీద కొబ్బరినూనె మరక. బాత్‌రూంలో బకెట్ ఉంది, మగ్గు లేదు. వేడినీళ్లు కావాలంటే బకెట్‌కు 40 విడిగా. ఉన్నది ఒకటే ప్లగ్గు, దానికి టేబుల్ ఫ్యాను తగిలించారు. ఫోను చార్జింగ్ పెట్టాలంటే ఫ్యాను పీకాలి. తెల్లారుజామున నాలుక్కే కింద లారీ టైర్లకు గాలి పట్టే మెషిన్ మొదలైంది. "తిరుపతి బస్టాండు దగ్గర 900కు మంచి గది దొరికేది కదా బావా" అని మా బావమరిది పొద్దున టీ తాగేదాకా నాతో ముభావంగానే ఉన్నాడు. వాడి కోపం న్యాయమే. తేడా సొమ్ము 2,700 వెనక్కిమ్మని అడిగితే, "షరతుల్లో రాసుంది సార్, చూసుకోండి" అని ఫోను పెట్టేశారు.

వాగు దగ్గరికి పోయాక మాత్రం ఆ చిరాకంతా ఎటుపోయిందో. కొండలు దిగి పొలాల పక్కకొచ్చిన చోట, వానలకు నిండుగా పారుతోంది. నేర్పిన పెద్దాయన చాలా ఏళ్లు వరదల్లో పనిచేసిన మనిషి. మొదట చెప్పిందే ఇది: నీళ్లలోకి దిగడం అన్నిటికంటే చివరి పని. ముందు కర్ర అందించాలి, అందకపోతే తాడు విసరాలి, అదీ కుదరకపోతే పడవ, ఏ దారీ లేనప్పుడే మనిషి దిగాలి. మన ఊళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఒకడు మునుగుతుంటే ఈతొచ్చినవాడల్లా దూకేస్తాడు, రెండు ప్రాణాలు పోతాయి.

తరవాత ఒక వెదురుకర్ర తెచ్చి, దాని కొనను రెండు రాళ్ల సందులో గుచ్చి వదిలేశాడు. మోకాటి లోతే నీళ్లు. కర్ర పైకొన మెల్లగా వంగి, నీళ్లలో మునిగి, మళ్లీ లేవలేదు. "ఆ కొన మీ పాదం అనుకోండి" అన్నాడు. పారే నీళ్లలో కొట్టుకుపోతున్నప్పుడు కాళ్లు కింద ఆనించి నిలబడబోతే ఇదే గతి. కాలు ఇరుక్కుంటుంది, వెనక నుంచి వచ్చే నీళ్లు మనిషిని ముందుకు తోసి ముంచేస్తాయి. వెల్లకిలా పడుకుని, కాళ్లు నీళ్లు పోయే వైపు పెట్టి, కాలివేళ్లు నీటి పైన కనబడేలా తేలాలి. నీటి వడి రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది.

అక్కడికి కాస్త దిగువన చిన్న చెక్ డ్యామ్ ఉంది. గోడ మీది నుంచి నీళ్లు సన్నగా జారుతున్నాయి, చూస్తే పిల్లలు ఆడుకోదగ్గ చోటనిపిస్తుంది. పెద్దాయన ఖాళీ నీళ్ల క్యాన్ ఒకటి తాడు కట్టి విసిరాడు. అది కాస్త ముందుకు పోయి, వెనక్కి వచ్చి గోడ కిందికి చేరి, మునిగి, తేలి, మళ్లీ గోడ కిందికే వచ్చింది. మేం టీ తాగి వచ్చినా అక్కడే తిరుగుతోంది. మనిషి పడినా ఇంతే. మన వైపు వాగు వాగుకూ చెక్ డ్యాములున్నాయి, వానలు పడితే సెల్ఫీలకు వాటి దగ్గరికే పోతాం. ఈ ఒక్కటి చూపించినందుకే ఆయనకు 3,800 ఇవ్వొచ్చు.

మా బావమరిది మొహం వెలిగింది మాత్రం తాడు సంచి దగ్గర. సంచిలో ఇరవై మీటర్ల దాకా తేలే తాడు ఉంటుంది. దాని కొన చేత్తో పట్టుకుని, "తాడు!" అని కేకేసి, మనిషి మీదుగా అవతల పడేలా సంచి విసరాలి. నీళ్లలో ఉన్నవాడు సంచి కోసం పాకులాడకుండా తాడునే పట్టుకుని భుజం మీదుగా గుండెకు అదుముకుని వెల్లకిలా తేలితే, నీటి వడే అతన్ని ఒడ్డుకు చేరుస్తుంది. చేతికి చుట్టుకోకూడదు, నడుముకు కట్టుకోకూడదు. ఒడ్డున ఉన్నవాడైనా సరే. మా బావమరిది నీళ్లలోంచి పెద్దాయన్నే లాగి ఒడ్డున పడేశాడు! ఆ రోజంతా అదే మాట.

ప్యాకేజీ భోజనం ఒక పూట తిని వదిలేశాం. నాగలాపురం ఊళ్లో ఒక అక్క నడిపే మెస్సులో 120కి రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి. "ఇంకొక ముద్ద పెట్టేదా నాయనా" అని అడిగి మరీ వడ్డించింది. వేదనారాయణస్వామి గుడి కూడా చూసి రండి, మూలవిరాట్టు మత్స్యావతారం.

2021 నవంబరులో స్వర్ణముఖి నది పొంగినప్పుడు, వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు పారినప్పుడు, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు, మనలో ఎంతమందికి తాడు విసరడం వచ్చు? అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును కదిలిస్తాయి, రెండడుగులకు చాలా బండ్లు తేలిపోతాయి. అయినా పొంగే కాజ్‌వే మీద బైకు నడిపేవాళ్లు ప్రతి ఏడూ కనబడతారు. ఊరికి పదిమందైనా ఇది నేర్చుకోవాలి. పంచాయతీలే ఖర్చు పెట్టి పంపాలని నా కోరిక.

డబ్బు కట్టే ముందు కొన్ని అడగండి: ఒక్కో గురువుకు ఎంతమంది, లైఫ్ జాకెట్ల బకిళ్లు సరిగ్గా ఉన్నాయా, ఎగువన దుంగలూ కొమ్మలూ కొట్టుకొస్తే ఈల వేయడానికి మనిషిని నిలబెడతారా, దిగువన తాడు పట్టుకుని ఎవరైనా ఉంటారా. మా దగ్గర ఇద్దరు గురువులకు పదహారు మందిమి, అది ఎక్కువే. బస సంగతి మీరే చూసుకోండి. మా బావమరిది సంక్రాంతిలోపే మళ్లీ పోతానంటున్నాడు, ఈసారి 3,800 మాత్రమే కట్టి.