ఇంద్రి అరుపు కోసం అందాసిబే, తోక చారల లెమర్ల కోసం అంజా: మడగాస్కర్‌లో పది రోజులు

కోతికి దూరపు చుట్టమైన లెమర్‌ని భుజమ్మీద ఎక్కించుకుని ఫోటో దిగడానికే మడగాస్కర్ వెళ్దాం అనుకునేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. మేమూ మొదట్లో ఆ పనే చేశాం లెండి. దారిలో ఒక ప్రైవేట్ పార్కు, పేరెందుకు, అరటిపండు ముక్క చూపిస్తే చాలు మీదికి దూకేస్తాయి, మా ఆవిడ తెగ మురిసిపోయింది. మర్నాడు ఆ ఫోటోలు అందాసిబేలో గైడ్‌కి చూపిస్తే అతను నవ్వలేదు. ఇవి చూసే జనానికి వీటిని ఇంట్లో పెంచుకోవచ్చనిపిస్తుంది, అప్పుడు లెమర్ పిల్లల్ని అడవిలోంచి పట్టుకొచ్చి అమ్మేవాడు తయారవుతాడు అన్నాడు. ఆ ఫోటోలు ఇంకా ఎక్కడా పెట్టలేదు.

అందాసిబే రాజధాని అంటనానరీవోకి తూర్పున, సుమారు 150 కిలోమీటర్లు, కానీ లారీల వెనకాల పాకుతూ సగం రోజు పోయింది. పొద్దున్నే మంచులో అడవిలోకి వెళ్తే ముందు బొంగురుగా రెండు అరుపులు, తర్వాత సన్నగా సాగదీసి ఒకటి, దానికి ఇంకో కొండ మీంచి జవాబు, నాకైతే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అదే ఇంద్రి, ఒక పెద్ద లెమర్, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది, జూలో పెడితే బతకదు కాబట్టి అడవి పోతే అదీ పోయినట్టే. స్థానికులు దాన్ని బాబాకోటో అని పూర్వీకుడిలా చూస్తారు, చంపితే ఫాడీ అంటారు, అంటే నిషిద్ధం.

మరి అడవి ఎందుకు పోతోంది? చెట్లు కొట్టి తగలబెట్టి వరి వేస్తారు, తవీ అంటారు, మన ఏజెన్సీలో పోడు లాంటిదే. రోడ్డు పక్కన కట్టెబొగ్గు బస్తాలు వరసగా కనిపిస్తాయి. తిండికోసం చేసే పనిని ఊరికే ఆపమంటే ఎవరాపుతారు చెప్పండి. అంతరించిపోయే జీవుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2020 లెక్కలో 107 లెమర్ జాతుల్లో 103 ముప్పులో ఉన్నాయి. అందుకే నేషనల్ పార్క్‌తో పాటు పక్కనే ఊరివాళ్ల సంఘం మిత్సింజో చూసే అడవికీ తప్పకుండా వెళ్లండి, గైడ్లు వాళ్లే, నర్సరీలో మొక్కలు పెంచి ముక్కలైన అడవిని మళ్లీ కలపడానికి నాటేదీ వాళ్లే. పైగా నేషనల్ పార్కులో రాత్రి తిరగనివ్వరు, నైట్ వాక్ ఇలాంటి చోటే.

బస సంగతి: మా బంగళాలో దుప్పటి ఒక్కటే, వేడినీళ్లు బకెట్‌లో, అదీ రెండుసార్లు అడిగాక. సెప్టెంబర్ చివర్లో కూడా తెల్లారేసరికి వణికాం, స్వెటర్ మర్చిపోకండి. భోజనం మాత్రం మనవాళ్లకి ఇబ్బందే లేదు, మూడు పూటలా అన్నమే, చిక్కుడు గింజల కూర, సకాయ్ అని మంటెక్కించే మిరప పచ్చడి. అన్నం వండిన గిన్నెలో అడుగంటిన మాడుకి నీళ్లు పోసి మరగబెట్టి ఇస్తారు, రనువూల అంటారు, మా అమ్మమ్మ ఉంటే ఎంత సంబరపడేదో.

తర్వాత దక్షిణంగా రెండ్రోజుల కారు ప్రయాణం, నడుము పోయింది, కానీ అంబలవావో దగ్గర అంజా చూశాక ఆ నొప్పి గుర్తులేదు. పెద్ద బండరాళ్ల కింద చిన్న అడవి, మొత్తం ఊరి సంఘానిదే, 2012లో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఇలాంటి ఊరి సంఘాలకిచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. టికెట్ డబ్బులతో బడి, చేపల చెరువులు నడుపుతున్నారు. తోక చారల లెమర్లు పొద్దున్నే ఎండకి పొట్ట పెట్టి చేతులు చాపి కూర్చుంటాయి, అచ్చం ధ్యానంలో ఉన్న స్వాముల్లా! తల్లుల పొట్టని కరుచుకుని వేలెడంత పిల్లలు. నేను ఫోన్ పట్టుకుని ముందుకి జరుగుతుంటే అక్కడి పదేళ్ల కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి రెండడుగులు వెనక్కి పంపాడు, గైడ్ కాదు, ఊరి పిల్లాడే. నాకు ఒక్క ముక్క భాష రాకపోయినా అర్థమైంది.

నా ఓటు అంజాకే, అయితే ఇంద్రి కావాలంటే అందాసిబే తప్పదు. అక్కడి డబ్బు అరియరీ, చిన్న నోట్లు రాజధానిలోనే మార్చుకుని పెట్టుకోండి, ఊళ్లలో కార్డు గీకేది ఎక్కడా కనపడలేదు మాకు.