మారతహళ్ళిలో మైక్రోబయాలజీ ట్యూషన్ అని 15,000 కట్టాను, దయచేసి మీరు కట్టకండి

నిన్న రాత్రి జరిగింది ఇది. ఇంకా కోపం తగ్గలేదు, రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి. బెంగళూరులో నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళలో ఇంకొకరు ఈ ట్యూషన్ నడిపే ఆయనకు డబ్బు పంపకముందే చెప్పాలని వెంటనే రాస్తున్నాను.

ఆ ప్రకటన మీరు చూసే ఉంటారు. నీలం రంగు పోస్టరు, మూలన మైక్రోస్కోప్ బొమ్మ, "మైక్రోబయాలజీ, పాథాలజీ తెలుగులో, పాస్ గ్యారంటీ" అని పెద్ద అక్షరాలు. ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరుగుతోంది. ఆయన గురించే చెబుతున్నాను.

మా చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్. కె.ఆర్.పురంలో నా దగ్గరే ఉంటుంది. మదనపల్లె దగ్గర మా ఊళ్ళో పదో తరగతి దాకా తెలుగు మీడియం. అనాటమీ ఎలాగో బొమ్మలు గీసి గట్టెక్కింది, మైక్రోబయాలజీ దగ్గర ఆగిపోయింది. ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గాక టెన్షన్‌తో సరిగా నిద్రపోవడం లేదు. నేను కామర్స్ చదివినదాన్ని, పక్కన కూర్చోవడం తప్ప ఏమీ చేయలేను. అందుకే ట్యూషన్ వెతికాను.

డెమో క్లాసు మారతహళ్ళిలో, ఒక బేకరీ పైన గదిలో జరిగింది. ఆదివారం ఇద్దరం వెళ్ళాం. బల్ల మీద నిజం మైక్రోస్కోప్ ఉంది. క్లాసు చెప్పింది ఒక మేడం. ఎంత బాగా చెప్పిందంటే, ఏమీ తెలియని నాకు కూడా ఇప్పటికీ గుర్తుంది. గ్రామ్ స్టెయినింగ్ గురించి, అంటే బ్యాక్టీరియాకు రంగులు వేసి అది ఏ రకమో గుర్తుపట్టడం. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు కనిపెట్టిన పద్ధతి. ముందు క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు వేస్తారు, తర్వాత అయోడిన్, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడుగుతారు, చివర సాఫ్రానిన్ అనే ఎర్ర రంగు. "మందపాటి బొంతకు రంగు పట్టిందనుకోండి, ఒకసారి నీళ్ళలో ముంచితే పోతుందా? పల్చటి గుడ్డకు పట్టింది పోతుంది. అంతే తేడా" అంది ఆమె. గోడ మందంగా ఉన్న బ్యాక్టీరియా ఊదా రంగును వదలదు, అది గ్రామ్ పాజిటివ్. గోడ పల్చగా ఉన్నది ఆల్కహాల్‌తో కడగ్గానే రంగు వదిలేసి, తర్వాత వేసిన సాఫ్రానిన్‌తో గులాబీ రంగులో కనిపిస్తుంది, అది గ్రామ్ నెగటివ్. ఆల్కహాల్ ఎక్కువసేపు ఉంచితే పాజిటివ్ కూడా రంగు పోయి నెగటివ్‌లా కనిపిస్తుంది కాబట్టి ఆ కొన్ని సెకన్లే ముఖ్యమని కూడా చెప్పింది. దిగి వస్తుంటే మెట్ల మీద చెల్లెలు నా చేయి పట్టుకుని "అక్కా, నాకు అర్థమైంది" అంది. రెండు నెలల తర్వాత దాని మొహంలో నవ్వు చూశాను.

ఆ నవ్వు చూసే కట్టాను. నెలకు 6,000, మూడు నెలలకు ఒకేసారి కడితే 15,000 అన్నారు. యూపీఐలో పంపేటప్పుడు తెర మీద వచ్చిన పేరు ఆయనది కాదు, ఎవరిదో వేరే పేరు. చూశాను. చూసి కూడా నొక్కాను. అడిగితే "మా ఇంట్లోవాళ్ళ అకౌంటు మేడం, మనం మనం తెలుగువాళ్ళమే కదా" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను రసీదు అడగడం మానేశాను. అందులో సగం నాయన టమాటా అమ్మి పంపిన డబ్బు. నా తప్పు నాకు తెలుసు, రాత్రి నుంచీ అదే తలుచుకుంటున్నాను.

కట్టిన మర్నాడే గదికి రిపేరు ఉందని, రెండు వారాలు ఆన్‌లైన్ అని మెసేజ్ వచ్చింది. క్లాసులో ఆ మేడం లేదు. ఆయనే ఎక్కడి నుంచో తీసుకున్న స్లైడ్లు పెట్టి ఇంగ్లిష్‌లో చదువుకుంటూ పోతున్నాడు. మేడం ఎప్పుడొస్తారని మూడుసార్లు అడిగాను, "వచ్చే వారం" అన్నాడు.

నిన్న రాత్రి ఎనిమిదింటికి క్లాసు. నేను వంటింట్లో ఉన్నాను, లాప్‌టాప్ బయటికే వినబడుతోంది. ఆయన ఈ. కోలై అనే బ్యాక్టీరియా గ్రామ్ పాజిటివ్ అని చెప్పాడు. గులాబీ రంగు వస్తుంది కాబట్టి పాజిటివ్ అట. చెల్లెలు చాలా భయస్తురాలు, క్లాసులో నోరు తెరవదు. కానీ నిన్న మైకు ఆన్ చేసి, మెల్లగా, "సార్, డెమోలో మేడం గులాబీ అంటే నెగటివ్ అని చెప్పారు సార్, పుస్తకంలో కూడా ఈ. కోలై నెగటివ్ అనే ఉంది" అంది. ఇంతకంటే మర్యాదగా ఎవరైనా ఎలా అడుగుతారు?

ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నువ్వు తెలుగు మీడియమా అమ్మా? నీ ఇంగ్లిష్ వింటేనే తెలుస్తోందిలే. నర్సింగ్ వాళ్ళకి ఇంత లోతు ఎందుకు? ఇంజక్షన్ వేయడం వస్తే చాలు. నాకు నేర్పడానికి రావద్దు." పన్నెండు మంది పిల్లలు ఉన్నారు ఆ క్లాసులో. వాళ్ళందరి ముందూ అన్నాడు. అని దాని మైకు మ్యూట్ చేసేశాడు. ఎవరో నవ్వడం కూడా వినబడింది. నేను గరిటె అక్కడే పడేసి వచ్చేసరికి అది లాప్‌టాప్ మూసేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

నర్సుకు ఇంత లోతు ఎందుకట. వార్డులో రోగికి బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్షకు రక్తం తీసేది ఎవరు? చాలాచోట్ల నర్సే. అది యాంటీబయాటిక్ మొదటి డోసు ఇవ్వకముందే తీయాలి, చర్మం సరిగా శుభ్రం చేయకపోతే చర్మం మీది బ్యాక్టీరియా సీసాలో చేరి రిపోర్టు తప్పుతుంది. యూరిన్ శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టకుండా గంటల తరబడి బల్ల మీద వదిలేస్తే అందులో ఉన్నవి పెరిగిపోతాయి, ఈ. కోలై అనుకూలమైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఇవన్నీ చెల్లెలు నాకు చెప్పినవే, చదువుకుంటూ గట్టిగా చదివి వినిపించేది. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు పురుడు పోసే ముందు చేతులు క్లోరిన్ నీళ్ళతో కడుక్కోమన్నందుకే ఎంతోమంది బాలింతలు బతికారట. ఆ కథ చెప్పినప్పుడు దాని కళ్ళు మెరిశాయి. అలాంటి పిల్లను పట్టుకుని ఇంజక్షన్ వేయడం వస్తే చాలు అన్నాడు. డబ్బు పోయినదానికంటే నాకు ఈ మాటే కడుపులో రగులుతోంది.

వెంటనే ఫోన్ చేశాను. మిగిలిన రోజుల ఫీజు తిరిగి ఇవ్వమన్నాను. "ఫీజు ఒకసారి కడితే కట్టినట్టే, రూల్ అది" అన్నాడు. ఆ రూల్ ఎక్కడ రాసి ఉందని అడిగితే ఫోన్ పెట్టేశాడు, పది నిమిషాల్లో ఇద్దరినీ గ్రూపులోంచి తీసేశాడు. పొద్దున ఆఫీసుకు పోతూ మారతహళ్ళిలో దిగి ఆ గదికి వెళ్ళాను. అక్కడ రిపేరూ లేదు, బోర్డూ లేదు. కింద బేకరీ అతన్ని అడిగితే ఆ గది రోజు అద్దెకు ఇస్తారని, ఆ ఆదివారం ఒక్కరోజే తీసుకున్నారని చెప్పాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, యూపీఐ రసీదు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకున్నాను. ఆ గ్రూపులోంచి మిమ్మల్ని కూడా తీసేసే లోపు మీరూ స్క్రీన్‌షాట్లు తీసుకోండి. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల్లో, మధ్యలో మానేసినవాళ్ళకు మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో వెనక్కివ్వాలని ఉంది, కానీ అవి 50 మందికి పైగా చదివే సెంటర్ల కోసం. ఇలాంటి చిన్న ట్యూషన్ల దగ్గర కట్టేముందే రిఫండ్ సంగతి రాతలో తీసుకోవాలి. నెల నెలా కట్టండి, మొత్తం ఒకేసారి వద్దు. డెమో చెప్పిన మనిషే రోజూ చెబుతారా అని అడిగి, అది మెసేజ్‌లో రాయించుకోండి. డబ్బు వెళ్ళే పేరు వేరేది కనబడితే అక్కడే ఆగిపోండి.

చెల్లెలు ఇవాళ కాలేజీలో వాళ్ళ మైక్రోబయాలజీ మేడంను ధైర్యం చేసి అడిగిందట, సాయంత్రం నాలుగు తర్వాత ల్యాబ్‌కు వస్తే స్లైడ్లు చూపిస్తానన్నారట. పరీక్షకు ఇంకా ఐదు వారాలుంది.

ఆ బ్యాచ్‌లో మీ పిల్లలు ఎవరైనా ఉంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, కలిసి ఫిర్యాదు చేద్దాం. ఇంకొకటి. ఆ ఆదివారం డెమో చెప్పిన మేడంకు ఇదంతా తెలిసి ఉండదనే నా మనసు చెబుతోంది. ఆమె మీకు తెలిసినవాళ్ళయితే, బొంత ఉదాహరణ చెప్పిన పాఠం ఒక పిల్లకు ఇంకా గుర్తుందని, ఆమె ఒప్పుకుంటే ఆమె దగ్గరే చదువుకోవాలని ఉందని చెప్పండి.