ఓరుగల్లు ఎండకూ ముసురుకూ వుడెన్ ఫ్లోరింగ్ తట్టుకుంటుందా?

హనుమకొండలో మా ఇంటి పై అంతస్తులో రెండు పడకగదులకు ఇంజినీర్డ్ వుడ్ (చెక్క పొరలు అతికించి చేసిన పలకలు), కింద ముందుగదికి లామినేట్ (చెక్కలా కనిపించే బోర్డు పలకలు) వేయించి చాలా ఏళ్లయింది. పైన ఒక గది ఇప్పటికీ కొత్తగా ఉంది. రెండో గదిలో పలకల మధ్య సందులు పడ్డాయి. కిందది తీయించేశాం. పై గదులు రెండింటికీ ఒకే రకం పలకలు, వేసింది ఒకే మేస్త్రి. తేడా అంతా గదిలోని గాలిదే.

చెక్కకు ఎండ కన్నా తేమ మారడమే పెద్ద పరీక్ష. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలో తేమ సుమారు 6 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి తేమ 80కి చేరి అలాగే కొన్నాళ్లుంటే చెక్కలోనూ అది 16 దాకా పోతుంది. ఆ మేరకు పలక వెడల్పు పెరుగుతుంది, తగ్గుతుంది. పొడవులో మాత్రం మార్పు దాదాపు ఉండదు. గాలిలో తేమ కొలిచే మా హైగ్రోమీటర్ మే మధ్యాహ్నాల్లో 30 లోపు, జులై ముసురులో 80 పైన చూపిస్తుంది.

బాగున్న గదిలో ఏసీ ఉంది, తలుపు మూసే ఉంటుంది. సందులు పడ్డ గదిలో ఉన్నది కూలర్. ఎండాకాలమంతా రాత్రి తడిగాలి, పగలు వడగాలి. కిటికీ ముందు పలకలు ఉబ్బి, ఒకదాన్నొకటి నొక్కుకుని అంచులు నలిగాయి. చలికాలంలో ఆరాక గోరు దూరేంత సందులు మిగిలాయి. గోడ చుట్టూ స్కర్టింగ్ కింద 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలించాం కాబట్టి పలకలు పైకి లేవలేదు. ఆ ఖాళీ వదలని మేస్త్రితో పని చేయించొద్దు. పలకల పెట్టెలను కూడా కనీసం రెండు రోజులు అదే గదిలో ఉంచాకే వేయించాలి.

కింది గది సంగతి వేరు. మా అత్తమ్మకు పండుగ వస్తే ఇల్లు నీళ్లతో కడగాల్సిందే. ఆమె పద్ధతి న్యాయమైనదే. ఈ ఇళ్లు బండల కోసం కట్టినవి. లామినేట్ లోపల ఉండేది చెక్కపొట్టు నొక్కి చేసిన బోర్డు. అంచుల్లోంచి నీళ్లు తాగి ఉబ్బితే ఆరినా మళ్లీ కిందికి దిగదు. దానికి తోడు నేలలోంచి చెమ్మ, తర్వాత చెదలు. ఇప్పుడక్కడ తాండూరు బండలు వేయించాం, హాయిగా ఉంది. నేల అంతస్తులో వేయించాలనుకునేవాళ్లు ముందు ఒక ప్లాస్టిక్ షీట్‌ను నాలుగు వైపులా టేపుతో నేలకు అతికించి ఒక రోజు వదిలేయండి. అడుగున నీటిబొట్లు కనిపిస్తే ఆ ఆలోచన మానుకోవడమే మంచిది.

పొరలు లేని అచ్చమైన టేకు పలకలే వేయించొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మిగతా చాలా కలపల కన్నా టేకు తక్కువ కదులుతుంది, నిజమే. కానీ మీ ఇంట్లో చెక్క తలుపులను గమనించండి. ముసురులో బిగుసుకుని, ఎండాకాలంలో వదులయ్యే తలుపులుంటే నేల మీద పలకలకూ అదే జరుగుతుంది. పొరలు అడ్డంగా, నిలువుగా అతికించి చేసిన ఇంజినీర్డ్ వుడ్ ఆ కదలికను చాలావరకు ఆపుతుంది.

అందుకే నా మాట: పై అంతస్తు, ఏసీ, బాగా పిండిన గుడ్డతో మాత్రమే తుడుపు. ఈ మూడూ కుదిరే గదికి నిశ్చింతగా వేయించుకోండి. చెప్పుల్లేకుండా నడిస్తే చలికాలంలో కాళ్లకు ఆ వెచ్చదనం బండల మీద దొరకదు. కూలర్ గదికైతే వద్దు. మా రెండో గదిలో కూడా ఈ ఎండాకాలానికి ముందే కూలర్ తీసేసి, ఆ తర్వాతే పాడైన పలకలు మార్పిస్తున్నాం.