ఆరుగురు రౌతులు, ఎనిమిది గుర్రాలు: వికారాబాద్ అడవి అంచున స్వారీ

హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు 75 కిలోమీటర్లకు కాస్త అటూఇటుగా వెళితే అనంతగిరి కొండలొస్తాయి. మూసీ పుట్టేది అక్కడే. ఆ కొండల దిగువన ఒక గుర్రపుశాల వాళ్లు పొద్దున పూట రెండు గంటల స్వారీ నడుపుతున్నారు. ఈ సమీక్ష దాని మీదే. విడతకు ఆరుగురే, మనిషికి 2,800 రూపాయలు. మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నా నిలదీయాల్సినవీ కొన్ని ఉన్నాయి కనుక శాల పేరు పక్కన పెడుతున్నాం. కింద చెప్పే పరీక్షలు మొయినాబాద్‌లోనైనా శంకర్‌పల్లిలోనైనా ఏ శాలకు వెళ్లినా పనికొస్తాయి.

బోర్డు మీద జంగిల్ రైడ్ అని ఉంటుంది గానీ స్వారీ రిజర్వ్ ఫారెస్టు లోపలికి పోదు. అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు కూడా. దారంతా అడవి అంచున బండ్లబాటే. ఒక పక్క కంది, పత్తి చేలు, ఇంకో పక్క టేకు, మోదుగ, తునికి. మధ్యలో ఒక వాగు, చివర ఒక చెరువు కట్ట. మొత్తం ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. లోపలిదాకా తీసుకెళ్తామని ఎవరైనా ఊరిస్తే కాగితం చూపించమనండి.

చిన్న బృందం అనే మాట ఈమధ్య అందరూ వాడుతున్నారు. ఆరుగురిని ఒక్క మనిషికి అప్పగించి పంపితే అది చిన్న బృందం కాదు, చిన్న గుంపు. ఇక్కడ ఆరుగురికి శాల మనుషులు ఇద్దరు, ఇద్దరూ గుర్రాల మీదే. ఒకరు ముందు, ఒకరు చివర. కాలినడకన తాడు పట్టుకొచ్చే సైసు, అంటే గుర్రాలను చూసుకునే మనిషి, అరగంట పిల్లల స్వారీకి సరిపోతాడు, ఎనిమిది కిలోమీటర్ల దారికి చాలడు. గుర్రం మంద జంతువు, దానికి మీ పగ్గం కంటే ముందు గుర్రం తోక ముఖ్యం. ముందుది ఆగితే అన్నీ ఆగుతాయి, ముందుది బెదిరితే అన్నీ బెదురుతాయి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. మంద స్వారీలో అది సగమే నిజం, రౌతు ఎలాంటివాడైనా గుర్రం ముందుదాని కాళ్లనే అనుసరిస్తుంది. అందుకే ముందు నడిచే గుర్రం ఏదని అడగడం, మీకిచ్చే గుర్రం ఏదని అడగడం కన్నా అవసరం. ఇక్కడ ముందు నడిచేది వయసు మళ్లిన మార్వాడీ జాతి ఆడగుర్రం. చెవుల కొనలు లోపలికి తిరిగి దాదాపు ఒకదానికొకటి తగులుతుంటాయి. పక్కనే నెమలి రెక్కలు టపటపలాడిస్తూ లేచినా ఒకసారి చెవి తిప్పి ఊరుకుంటుంది. ఈ శాలకున్న అసలు ఆస్తి అదే.

మిగతావాటిలో రెండు రేసుకోర్సు నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లు, అంటే రేసుల కోసం పెంచే జాతి గుర్రాలు. మలక్‌పేట రేసులున్న ఊరు కాబట్టి హైదరాబాద్ చుట్టుపక్కల శాలల్లో ఇవి తరచూ కనిపిస్తాయి. మంచివే, కానీ కొత్తవాళ్లకు పనికిరావు. రేసు గుర్రానికి పగ్గం బిగిస్తే ఆగమని కాదు, ఆనుకుని ఇంకా వేగం పెంచమని అలవాటు. భయపడ్డ కొత్త రౌతు రెండు చేతులతో లాగుతూనే ఉంటాడు, అది జోరు పెంచుతూనే ఉంటుంది. పట్టి వదిలి, పట్టి వదిలి ఆపాలి. అది తెలిసినవాళ్లకే వాటిని ఇస్తున్నారు, ఎందుకిస్తున్నారో వివరిస్తున్నారు కూడా. ఫోన్లో బుక్ చేసుకునేటప్పుడు ఎన్నిసార్లు ఎక్కారని అడుగుతారు. అక్కడ గొప్పలు పోవద్దు.

బరువు తూచి మరీ ఎక్కిస్తారు. చాలాచోట్ల ఈ పని జరగదు. గుర్రం తన బరువులో ఇరవై శాతానికి మించి మోయకూడదని వాడుకలో ఉన్న లెక్క, ఆ ఇరవైలో జీను కూడా కలిసే ఉంటుంది. 360 కిలోల గుర్రం మోసేది 72 కిలోలు. జీను 8 తీసేస్తే మనిషి 64. 450 కిలోల థరోబ్రెడ్ అయితే 82. ఇక్కడ పరిమితి 80 కిలోలు, అంటే నిజాయితీ లెక్కే. కాకపోతే 65 దాటిన కొత్తవాళ్లకు థరోబ్రెడ్ తప్ప వేరే దారి ఉండదు, అది కొత్తవాళ్లకు ఇవ్వకూడనిది. ఈ ముడి వాళ్లింకా విప్పుకోలేదు. అలాంటివాళ్లను ప్రస్తుతానికి శాల ఆవరణలోనే తిప్పి పంపుతున్నారు. డబ్బు కట్టేముందే ఆ సంగతి చెప్పాలి, చెప్పడం లేదు.

జీను కట్టేటప్పుడు ఐదు నిమిషాలు దగ్గర నిలబడి చూస్తే శాల ఎలాంటిదో తెలిసిపోతుంది. ఇక్కడి సైసు ముందు వీపంతా బ్రష్ చేసి, అరచేతితో నిమిరి, పుండుగానీ ముల్లుగానీ ఉందేమో చూస్తాడు. జీను కింది గుడ్డను మెడ మొదట్లో వేసి, వెంట్రుకలు వాలిన దిక్కుకే వెనక్కి జరుపుతాడు. ముందుకు జరిపితే వెంట్రుకలు ఎదురుతిరిగి, రెండు గంటల్లో అక్కడ ఒరిపిడి మొదలవుతుంది. జీను పెట్టాక గుడ్డను ముందువైపు కాస్త పైకెత్తి, ఎముక మీద ఒత్తకుండా సందు వదులుతాడు. పొట్టపట్టీ ముందుకాలి మోచేతికి బెత్తెడు వెనక. దాన్ని ఒక్కసారే బిగించడు, రెండు మూడు విడతలుగా బిగిస్తాడు. చివర ముందుకాళ్లను ఒక్కొక్కటే ముందుకు సాగదీస్తాడు, పట్టీ కింద నలిగిన చర్మం సర్దుకోవడానికి. ఇవన్నీ అడక్కుండా చేస్తున్నాడంటే గుర్రం తెలిసిన మనిషన్నమాట.

అయినా ఎక్కేముందు మీ చేత్తో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. చాలా గుర్రాలు బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తాయి, పది నిమిషాలు నడిచాక పట్టీ వదులవుతుంది. ఆ రెండో బిగింపు మరిచిపోతే దిగేటప్పుడు జీనుతో సహా పక్కకు జారతారు. ఇక్కడ మొదటి మలుపు దగ్గర ఆగి బిగిస్తారు. మీది బిగించకుండా దాటిపోతే అడగండి. కాలు పెట్టుకునే రికాబు పొడవుకు ఒక కొలత ఉంది. వేళ్ల కణుపులు రికాబు తోలు మొదట్లో ఆనించి చెయ్యి చాస్తే రికాబు చంకలోకి అందాలి. ఇక్కడి రెండు జీనుల్లో ఎడమ తోలు కుడిదానికన్నా వేలెడు పొడుగ్గా సాగిపోయింది. అందరూ ఎడమవైపు నుంచే ఎక్కితే జరిగేది ఇదే. అప్పుడప్పుడు తోళ్లు అటూఇటూ మార్చితే సరిపోయే దానికి బద్ధకం. అలా వంకరగా కూర్చుంటే రెండు గంటల తర్వాత మీ నడుము పడుతుంది, గుర్రం వీపూ పడుతుంది.

రికాబు వెడల్పు బూటుకు అటొక వేలు ఇటొక వేలు సందు ఉండేలా చూడాలి. బిగుతైతే కాలు రాదు, మరీ వదులైతే కాలు అవతలికి దూరిపోతుంది. గుర్రం మీద నుంచి పడటం కన్నా, పడి కాలు రికాబులో ఇరుక్కోవడం ప్రమాదం. స్పోర్ట్స్ షూ వద్దనేది అందుకే. అరంగుళమైనా మడమ ఉన్న, అడుగు మరీ గరుకుగా లేని బూటు కావాలి. ట్రెక్కింగ్ బూట్ల ముళ్లడుగు రికాబులో పట్టేస్తుంది. ఒక పక్క ఇనుము బదులు రబ్బరు పట్టీ ఉండే రికాబులు దొరుకుతాయి, పడితే రబ్బరు ఊడి కాలు వదిలేస్తుంది. 2,800 తీసుకునే చోట అవి ఉండాలి. లేవు.

హెల్మెట్ల విషయంలో మాత్రం గట్టిగానే చెప్పాలి. మూడు సైజులే, అందులో రెండింటికి లోపలి ఫోమ్ పగిలి ఉంది. ఒక దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది, రెండో దెబ్బకు పనిచేయదు. సైకిల్ హెల్మెట్ దీనికి బదులు కాదు, తల వెనక భాగాన్ని అది సరిగా కప్పదు. గుర్రపు స్వారీకి చేసినదై, లోపల ఏఎస్‌టీఎం ఎఫ్ 1163 లాంటి ప్రమాణం ముద్ర ఉండాలి. పెట్టుకుని, పట్టీ బిగించి తల ఊపితే హెల్మెట్‌తో పాటు కనుబొమ్మల చర్మం కదలాలి. ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్లే ఉద్దేశం ఉంటే సొంతది కొనుక్కోండి.

ఇంకో లోపం ఆవరణలో ఉంది. ఎక్కే చోట సిమెంటు గట్టు కట్టారు, అది మంచి పనే. కానీ దాని ముందు నున్నటి తాండూరు బండలు పరిచారు. ఇనుప నాడాలకు తడి బండ అంటే సబ్బు పూసినట్టే. రబ్బరు మ్యాట్ వేస్తేనో, మొరం పోస్తేనో పోయేదానికి కార్ల పార్కింగ్ అందం చూసుకున్నారు.

దారిలో మొదటి కిలోమీటరు నడకే. వేళ్లతో జూలు పట్టుకుని, మడమ కిందికి దించి, నడుము వదులుగా ఉంచితే చాలు. తర్వాత చదునైన ఎర్రమట్టి బాట మీద దుల్కీ, అంటే నడకకు మించిన నెమ్మది పరుగు, ఇంగ్లీషులో ట్రాట్. ఒక అడుగుకు లేచి ఒక అడుగుకు కూర్చోవడం రాకపోతే రెండు నిమిషాలకే పొట్టలో పేగులు కలియబడతాయి. ముందే శాలలో పది నిమిషాలు నేర్పిస్తారు గానీ పది చాలవు, ఇరవై కావాలి. ఎవరికి రాకపోయినా మొత్తం బృందాన్ని నడకకు దించేస్తారు. అనుభవం ఉన్నవాళ్లకు విసుగే, కానీ సరైన పద్ధతి అదే. ముందువాళ్లు పరుగెత్తితే వెనక కొత్తవాళ్ల గుర్రాలు ఆగవు. పరుగు మీద మోజున్నవాళ్లు తమ స్థాయి వాళ్లతోనే ఆరుగురై బుక్ చేసుకోవడం మేలు.

దూరం పాటించడానికి ఒక గుర్తు ఉంది. మీ గుర్రం చెవుల మధ్య నుంచి చూస్తే ముందు గుర్రం వెనక గిట్టలు కనిపించాలి. కనిపించడం లేదంటే మరీ దగ్గరికొచ్చారని. ఒక గుర్రం తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది, అలంకారం కాదు, అది తన్నుతుందని. తుమ్మ కొమ్మ అడ్డొస్తే చేత్తో వంచి వదలకండి, వెనకవాళ్ల మొహానికి తగులుతుంది. మెడ మీదికి వంగి దాటండి. దారి పక్క మేత మేయనివ్వకండి. లాంటానా, ఆముదం, ఫామ్‌హౌస్ కంచెలకు పెంచే గన్నేరు, మూడూ గుర్రానికి విషమే. గన్నేరైతే కొద్ది ఆకులే ప్రాణం తీయగలవు. మెడ దించకముందే పగ్గం పట్టాలి, దించాక లాగడం ఎవరి తరమూ కాదు.

వాగు దగ్గర గుర్రం ఆగి నీళ్లు వాసన చూస్తే చూడనివ్వండి, దానికి లోతు తెలియదు. ముందుకాలితో నీళ్లను కొట్టడం మొదలెడితే మాత్రం వెంటనే మడమ తాకించి ముందుకు నడపండి. తాగడానికి కాదు అది, పొర్లడానికి. మీరు పైన ఉన్నా పొర్లుతుంది.

తిరుగుదారిలో శాల దగ్గరపడేకొద్దీ గుర్రాలు దాణా గుర్తొచ్చి అడుగు పెంచుతాయి. ఇక్కడ చివరి కిలోమీటరున్నర నడకే, ఎంత బతిమాలినా ఒప్పుకోరు. గుర్రం ఒళ్లు చల్లబడటానికీ, ఇంటిదారి పరుగు అలవాటు కాకుండా ఉండటానికీ. రాగానే జీను తీసి, వీపు కడిగి, గిట్టల్లో రాళ్లు ఏరి, ఆ తర్వాతే మనకు టీ. ఆ వరుస బాగుంది. ఉప్మా గురించి చెప్పడానికేం లేదు.

కాలం చూసుకుని వెళ్లండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఫిబ్రవరి చివరైతే మోదుగ పూత కూడా. మార్చి నుంచి ఎనిమిది గంటలకే ఎండ మండుతుంది, రెండో విడత ఇస్తే వద్దనండి. వానల్లో ఎర్ర మొరం బాట తొందరగానే ఆరుతుంది గానీ చెరువు దగ్గరి నల్లరేగడిలో గిట్ట దిగబడి నాడా ఊడొస్తుంది. ఆ ముక్క ఆ నెలల్లో వదిలేయాలి. వదిలేస్తున్నారు, కానీ రేటు తగ్గించడం లేదు. గాలికి రెపరెపలాడే రెయిన్‌కోటు, చున్నీ, గొడుగు గుర్రం మీద వద్దు. జీన్స్ లోపలి కుట్టు మోకాలి పక్క చర్మం లేపేస్తుంది, కుట్టు లేని మందపాటి ప్యాంటు మంచిది. ఫోను జిప్పున్న జేబులో పెట్టుకోండి.

బుక్ చేసే ముందు అడగాల్సినవి రెండు. గుర్రాలకు గ్లాండర్స్ పరీక్ష కాగితాలు ఉన్నాయా అని. ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది. ఇక్కడ అడిగితే చూపించారు. రెండోది, సంతకం పెట్టించుకునే ఫారం గురించి. అది వాళ్లను కాపాడే కాగితం, మీకు బీమా కాదు. మీ ప్రమాద బీమాలో సాహస క్రీడలు మినహాయించారేమో పాలసీ తీసి చూసుకోండి. టెటనస్ ఇంజెక్షన్ పాతబడి ఉంటే వేయించుకునే వెళ్లండి. కొండ వెనక సిగ్నల్ ఉండదు, 108కి ఫోన్ చేయాలంటే చెరువు కట్ట దాకా రావాలి.

ఆరు గంటల విడతకు మెహదీపట్నంలో నాలుగింటికే కదలాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు, చేవెళ్ల మర్రిచెట్లున్న ఆ 46 కిలోమీటర్లలో చీకట్లో జోరు పనికిరాదు. పది నిమిషాలు ఆలస్యమైతే నేర్పే సమయంలోనే కోత పెడతారు, స్వారీలో కాదు. ఆదివారం రెండు విడతల మధ్య గుర్రాలకు అరగంటే విరామం దొరుకుతోంది. మంగళ, బుధవారాల్లో ఒకే విడత.