రాతితోటకు డ్రాబానా, అరాబిస్సా?

ఈ రెండు పూలమొక్కలూ ఆవాల కుటుంబానివే. మన ఆవపువ్వులాగే నాలుగు రేకులు. చలిదేశంలో రాతితోట, అంటే రాళ్ల మధ్య మొక్కలు పెంచే తోట, వేసుకునేవారికి ఏది మేలు?

పసుపుపచ్చని డ్రాబా ఐజోయిడెస్ ఆల్ప్స్ పర్వతాల సున్నపురాళ్ల పగుళ్లలో పెరుగుతుంది. ఎత్తు 10 సెంటీమీటర్లకు అటూఇటూ. వంగి చూడండి, ఆకు అంచున బిరుసు నూగు కనురెప్ప వెంట్రుకల్లా నిలిచి ఉంటుంది! గడ్డకట్టే చలిని ఓర్చుకుంటుంది, శీతకాలపు తడికి మాత్రం కుళ్లిపోతుంది. అందుకే నీరు నిలవకుండా వేసే కంకర ఖర్చు అదనం. పెరుగుదల నిదానం.

తెల్లని అరాబిస్ ఆల్పినా ఆల్ప్స్ నుంచి గ్రీన్‌లాండ్ దాకా ఉంది. విత్తనంతో సులువుగా వస్తుంది, చాపలా పాకుతుంది. పక్క మొక్కలను కప్పేయడమే చిక్కు.

చిన్న తొట్టె, ఓపిక ఉంటే డ్రాబా.
పెద్ద వాలు త్వరగా నిండాలంటే అరాబిస్.
హైదరాబాద్ ఎండలో అయితే రెండూ వద్దు.

నా మనసు డ్రాబా వైపే.